నీకిది చాల్లే

డబ్బాలకి మూతలు జతచేస్తున్నాను. మా ఇంట్లో డబ్బాలు ఇరవై ఉంటే మూతలు పదమూడు ఉంటాయి. ఆ పదమూడులోనూ ఏది దేనిదో నాకు తప్ప ఎవరికీ తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరమూ ఎవరికీ రాలేదు. అప్పుడే తోడికోడలు ఫోన్ చేసింది. ఇవాళ నా పుట్టినరోజని గుర్తుపెట్టుకుని చేసింది పాపం. నాలుగు మంచిమాటలు చెప్పి అసలు సంగతిలోకి వచ్చింది. తను పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెప్తుంది, ఫోనుని ఏ డబ్బాకో ఆనించి పెట్టి, మెడ వంచుకుని. "అక్కా, నీ లాప్‌టాప్ ఎలా ఉంది? మా ఆయన నాకూ అలాంటిదే కొంటానంటున్నారు. పెట్టిన డబ్బుకి విలువ చేస్తుందా?" అంది.

సాయంత్రం చెప్తానన్నాను. అది ఒక్క మాటలో తేలేది కాదు. 

కొన్నది పది నెలల కిందట. షాపులో వరసగా పెట్టిన వాటి ముందు మా ఆయన నెమ్మదిగా నడుస్తూ, తనకి నచ్చిన ప్రతిదాని మీదా చెయ్యి వేసి చూశారు. నాకోసం కొనబోయేవి ఉన్న మూలకి వచ్చేసరికి చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. నాకు ఒకటి నచ్చింది. తెర కొంచెం పెద్దది, మీటలు మెత్తగా ఉన్నాయి, రోజంతా టైపు చేసే వేళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. చూపించాను. "నువ్వేమన్నా రాకెట్లు పంపిస్తావా? నీకిది చాల్లే," అని పక్కన ఉన్న చవకదాన్ని తియ్యమన్నారు. షాపాయన నవ్వాడు. నేనూ నవ్వాను. అలాంటప్పుడు నవ్వకపోతే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. ఆ మాట నాకు కొత్త కాదు. బీరువాలో కింది అర నాకు చాల్లే. కారులో వెనక సీటు, సంచుల మధ్య, నాకు చాల్లే. పదకొండేళ్ళుగా పర్మనెంటు కాని ఉద్యోగం, "ఇల్లు చూసుకునేదానికి ఆ మాత్రం చాల్లే." చాలడమన్నది నాకు పుట్టుకతో వచ్చిన గుణమని ఈ ఇంట్లో అందరి నమ్మకం.

ఇంటికొచ్చాక పెట్టె ఆయనే విప్పారు. అది మా ఇంటి ఆనవాయితీ. కొత్త వస్తువు ఏది వచ్చినా విప్పేది ఆయన, విప్పాక పడిన అట్టముక్కలూ ప్లాస్టిక్కూ ఏరేది నేను. మిక్సీ వాడేది నేను, విప్పింది ఆయన. కుట్టుమిషన్ కూడా అంతే, దారం ఎక్కించడం రాకపోయినా మొదట తొక్కి చూసింది ఆయనే. ఆ రోజు సోఫాలో కూర్చుని లాప్‌టాప్‌కి నా పేరూ వివరాలూ అన్నీ నింపుతున్నారు, నేను వంటింట్లో ఉన్నాను. "నీ పుట్టినరోజు ఏ తేదీయే?" అని కేకేశారు. తేదీ, నెల చెప్పాను. సంవత్సరం అడగలేదు. అదైనా గుర్తుంది కాబోలు అనుకుని మురిసిపోయాను కూడా.

వస్తువు గురించి న్యాయంగా చెప్పాలంటే చెడ్డది కాదు. మూత తెరిస్తే ఎనిమిది సెకన్లలో లేస్తుంది, మా ఇంట్లో ఇంకెవరూ అంత తొందరగా లేవరు. పొద్దున చార్జింగ్ పెడితే సాయంత్రం దాకా ఉంటుంది. బరువు లేదు, రొద లేదు. కాకపోతే దాని కడుపులో ఏమీ ఉండదు. మనం రాసినదీ దాచినదీ అంతా ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉంటుంది, క్లౌడ్ అంటారు. ఖాతా తెరుచుకుని ఇక్కడినుంచి చూసుకోవడమే. నెట్ పోతే అది వట్టి పళ్ళెం. పెద్ద పెద్ద ప్రోగ్రాములు ఎక్కవు. అవి నాకు అక్కర్లేదు కూడా, నా పనంతా బ్రౌజర్లోనే జరిగిపోతుంది. మా ఆయన మాత్రం ఇంటికి ఎవరొచ్చినా దాన్ని తెచ్చి చూపించి ముందు ధర చెప్పేవారు, అంత తక్కువకి పట్టుకొచ్చినందుకు మెచ్చుకోలు తీసుకునేవారు, ఎవరికోసం కొన్నదో ఎవరైనా అడిగితే చెప్పేవారు.

నా పనేమిటంటే, స్కాన్ సెంటర్లో డాక్టర్లు బొమ్మలు చూస్తూ గబగబా చెప్పి రికార్డు చేసినది విని రిపోర్టు టైపు చెయ్యడం. వాళ్ళ గొంతులు నాకు మొగుడి గొంతుకంటే బాగా తెలుసు. ఒకాయన ఏదో నములుతూ చెప్తాడు. ఇంకొకాయన వాక్యం మధ్యలో అటెండర్ని తిట్టి మళ్ళీ అదే వాక్యంలోకి వస్తాడు, తిట్టు తీసేసి మిగిలింది కొట్టాలి. ఒకావిడ అలిసిపోయిందంటే కుడి కిడ్నీ అని మొదలుపెట్టి ఎడమదాని సంగతి చెప్తుంది. ఫోన్ చేసి అడిగితే విసుక్కుంటుంది, అడక్కపోతే ఎవరి ప్రాణానికో ముప్పు. నేను అడుగుతాను. ఏ డాక్టరు ఏ మాట ఎలా మింగుతాడు, ఎవరిని ఏ గంట తర్వాత నమ్మకూడదు, ఇలాంటివన్నీ పదకొండేళ్ళుగా ఒక పుస్తకంలో రాసుకున్నాను. లాప్‌టాప్ వచ్చాక రోజూ సాయంత్రం కాసేపు కూర్చుని అదంతా అందులోకి ఎక్కించాను. నలభై పేజీలైంది. అట్టలూడిన ఆ పుస్తకాన్ని అత్తయ్య పాత పేపర్లలో వేసి అమ్మేశారు. అప్పుడు నేను పెద్దగా బాధపడలేదు. పైన, క్లౌడ్‌లో, భద్రంగా ఉంది కదా అనుకున్నాను.

ఈ ఏడు సెంటరు వాళ్ళు టైపింగు పనంతా ఇళ్ళకి మార్చేస్తామన్నారు. ఎవరింటి నుంచి వాళ్ళు, సొంత కంప్యూటరు మీద, ఒక ఆదివారం పదింటికి గంటన్నర పరీక్ష రాయాలి. నెగ్గినవాళ్ళు పర్మనెంటు. నెగ్గనివాళ్ళకి ఆరు నెలలాగి ఇంకో అవకాశం. నాకు పరీక్షంటే భయం వెయ్యలేదు. నేను రోజూ చేసే పనే అది.

పరీక్ష సంగతికి ముందు ఇంకోటి చెప్పాలి. ఈ పది నెలల్లో మా ఆయన మారారని నేను అనుకున్నాను. నేను నోరు తెరిచి చెప్పకుండానే ఒకరోజు మోకాళ్ళ నొప్పుల నూనె సీసా తెచ్చి మంచం పక్కన పెట్టారు. మీకెలా తెలిసిందని అడిగితే, "మొగుణ్ణి కదా, ఆ మాత్రం తెలీదా?" అన్నారు. స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను, సంతోషంతో. పదిహేడేళ్ళ కాపురంలో నా ఒంటి గురించి ఆయన అడగకుండా చేసిన పని అదొక్కటే. ఇంకోసారి నెలసరి అటూ ఇటూ అవుతోందని లోలోపల దిగులు పడుతుంటే, "ఆ వయసులో అందరికీ ఉండేదేలే," అన్నారు. ఎవరికీ చెప్పలేదే అని ఆశ్చర్యపోయాను. మరో రోజు భోజనం దగ్గర, కంచంలోంచి తలెత్తకుండా, "ఈ రోజుల్లో ఒక్క గది అద్దె కూడా మండిపోతోంది, ఒంటరిగా ఉండేవాళ్ళు ఎలా కడుతున్నారో," అన్నారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ముందురోజు మధ్యాహ్నమే, ఊరికే, నిజంగా ఊరికే, ఒక్క గది అద్దెలు ఎలా ఉన్నాయో లాప్‌టాప్‌లో చూశాను. మనసులు కలిస్తే ఇలాగే ఒకరి ఆలోచన ఒకరికి తెలుస్తుంది కాబోలు అనుకున్నాను. అంత వెర్రిబాగులదాన్ని.

పరీక్ష ఆదివారం పొద్దున ఆరింటికి లేచి, లాప్‌టాప్‌లో పాత రికార్డింగులు పెట్టుకుని గంటంబావు సాధన చేశాను. తొమ్మిదింటికి మరిదీ తోడికోడలూ చెప్పాపెట్టకుండా వచ్చారు. అందరికీ టిఫిను పెట్టాను. తిన్న కంచాలు సింకులో అలాగే వదిలేసి, పెళ్ళయ్యాక మొదటిసారి వదిలేసి, పదికి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఆరు రికార్డింగులు ఇచ్చారు. మొదటి మూడూ నీళ్ళు తాగినంత సులువుగా అయిపోయాయి. నాలుగోదాంట్లో ఒకరి పిత్తాశయంలో రాళ్ళు, వాటి కొలతలు కొట్టబోతున్నాను. తెర తెల్లబడింది. నిద్రపోతున్న ఎలుగుబంటి పిల్ల బొమ్మ ఒకటి వచ్చింది. దాని కింద, 'ఈ రోజుకి నీ సమయం అయిపోయింది. ఇంకాసేపు కావాలంటే మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు' అని ఉంది. ఉన్నది ఒక్కటే మీట.

నొక్కాను. హాల్లో ఆయన ఫోన్ టింగుమంది. ఆయన నవ్వారు. తర్వాత అందరికీ వినపడేలా చదివారు: "మీ చిన్నారి ఇంకొంచెం సమయం అడుగుతోంది. ఒప్పుకుంటారా?" మరిది పడీపడీ నవ్వాడు. అత్తయ్య ఏమీ అర్థం కాకపోయినా కొడుకులిద్దరూ నవ్వుతున్నారని నవ్వారు. తోడికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను హాల్లోకి వచ్చి, పరీక్ష నడుస్తోంది, గడియారం ఆగదు, తొందరగా నొక్కమన్నాను.

"చిన్నారి బుద్ధిగా అడగాలి కదా. ముందు అందరికీ టీ పెట్టు, అప్పుడు చూద్దాం," అన్నారు.

వేళాకోళమే. ఆయన మొహంలో చెడు ఏ కోశానా లేదు, ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే. ఫోను లాక్కోవాల్సింది. గట్టిగా అరవాల్సింది. నేనేం చేశానో తెలుసా? టీ పెట్టాను. వాదనకి దిగితే పావుగంట, టీ అయితే ఐదు నిమిషాలు అని లెక్కవేసుకుని వంటింట్లోకి వెళ్ళాను. నీళ్ళు ఎంతకీ మరగవు. స్టవ్వు ముందు నిలబడి ఆ రాళ్ళ కొలతలు మర్చిపోకుండా పైకి చదువుకుంటూ పంచదార వేశాను. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కడుపులో రాళ్ళు, పన్నెండు మిల్లీమీటర్లు ఒకటి, తొమ్మిది ఒకటి, ఏడు ఒకటి. తోడికోడలు వచ్చి నా చేతిలోంచి ట్రే తీసుకుంది.  ఆయన ఒక గుక్క తాగి, "పంచదార ఎక్కువైంది," అని, అప్పుడు ఫోను నొక్కారు. గంట ఇవ్వొచ్చట, రోజంతా ఇవ్వొచ్చట, అక్కడ అన్ని మీటలూ ఉంటాయట. పదిహేను నిమిషాలు ఇచ్చారు. ఐదో రికార్డింగు మొదలుపెట్టానో లేదో ఎలుగుబంటి మళ్ళీ నిద్రపోయింది. ఈసారి నేను అడగలేదు. వచ్చి కంచాలు తోమాను.

సాయంత్రం మా అమ్మాయి స్నేహితురాలి ఇంటినుంచి వచ్చింది. దానికి పదిహేనేళ్ళు. ఆ తెర చూసి, "అమ్మా, ఈ ఎలుగుబంటి నాకు ఏడో క్లాసులో వచ్చేది," అంది. చిన్నపిల్లల ఖాతాలకి రోజుకి రెండు గంటలే ఇస్తారట, అవి అయిపోతే వచ్చే బొమ్మట అది. నేను ఎప్పుడూ రోజుకి గంటకి మించి కూర్చోను కాబట్టి నాకు కనపడలేదు. అమ్మాయే నా వివరాలు తెరిచి చూపించింది. తేదీ నాది, నెల నాది. సంవత్సరం చూస్తే నాకు పన్నెండేళ్ళు. ఆ లెక్కన మా అమ్మాయి నాకంటే మూడేళ్ళు పెద్దది. అది నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

ఆయన్ని అడిగాను. టీవీ మీంచి చూపు తిప్పలేదు. "అదా? పెద్దవాళ్ళ ఖాతా అయితే విడిగా చందా కట్టాలి. పిల్లల ఖాతా అయితే మన ఫ్యామిలీ ప్లానులో ఊరికే వస్తుంది. పైగా మోసాలూ అవీ రావు, అన్నీ నా ఫోనుకి చెప్తుంది. నీ మంచికే చేశాను."

"అన్నీ అంటే?"

"వారం వారం రిపోర్టు వస్తుంది. ఏం చూశావు, ఏం వెతికావు, ఎంతసేపు. ఇన్నాళ్ళూ నిన్నేమన్నా అన్నానా నేను?"

అనలేదు. నూనె తెచ్చారు.

 స్నానాలగదిలోకి వెళ్ళి ఈసారి కక్కుకున్నాను. ఆ రోజు నుంచి ఆ నూనె వాసన పడదు. సీసా చెత్తబుట్టలో వేస్తే, "వాడు ప్రేమగా తెచ్చింది, పారేస్తారా ఎవరైనా," అని అత్తయ్య తీసి కడిగి తన మోకాళ్ళకి రాసుకుంటున్నారు. ఇల్లంతా అదే కంపు. ఆయన తిన్న కంచం, విడిచిన బనీను, తువ్వాలు, దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు, పదిహేడేళ్ళు ఆలోచించకుండా ముట్టుకున్నవన్నీ ఇప్పుడు రెండు వేళ్ళతో పట్టుకుంటున్నాను. ఆయన మీద ఉన్న రోతకంటే నా మీద నాకున్న రోత ఎక్కువ. కుళాయి తిప్పుకుని ఏడ్చాను చూడండి సంతోషంతో, ఆ కన్నీళ్ళు గుర్తొస్తే చెంపలు కడుక్కోవాలనిపిస్తుంది. మా వీధిలో ఎవరినైనా అడగండి, ఆయన బంగారం అంటారు. తాగరు, తిట్టరు, చెయ్యెత్తరు. నిజమే. బుద్ధిగా మాట వినే చిన్నపిల్లని ఎవరు మాత్రం ఎందుకు కొడతారు?

ఖాతా మార్చమన్నాను. తీసేస్తే లోపల ఉన్నవన్నీ పోతాయట, వచ్చే ఆదివారం తీరిగ్గా చూద్దామన్నారు. నా నలభై పేజీలూ బయటికి పంపుకుందామంటే దానికీ పెద్దవాళ్ళ అనుమతి కావాలంది ఎలుగుబంటి. మీట నొక్కి అడగడానికి నా వేలు రాలేదు. కొత్త పుస్తకం ఒకటి కొనుక్కుని, రోజుకి ఉన్న రెండు గంటల్లోనే, తెర చూస్తూ చేత్తో ఎక్కించడం మొదలుపెట్టాను. అందులోకి ఎక్కించిన చేత్తోనే మళ్ళీ కాగితం మీదికి. పరీక్ష ఫలితం వచ్చింది. నెగ్గలేదు. సెంటర్లో మా సూపర్వైజరు మేడమ్ పిలిచి, "మీరే సగంలో వదిలేస్తే ఎలాగమ్మా? ఏమైంది?" అని అడిగింది. కరెంటు పోయిందని చెప్పాను. మా ఆయన సమయం ఇవ్వలేదని నలభై దాటిన ఆడది ఏ నోటితో చెప్తుంది? ఆవిడ నా వంక ఒక క్షణం ఎక్కువ చూసింది. ఆవిడ ఇంట్లోనూ కరెంటు పోతుందేమో.

ఇవాళ నాలుగో ఆదివారం. ఆయన హాల్లో పేపరు చదువుకుంటున్నారు, ఖాతా ఊసు ఎత్తలేదు, పుట్టినరోజు ఊసూ ఎత్తలేదు. మూతలు సర్దడం అయ్యాక, మిగిలిన పేజీలు ఎక్కించుకుందామని గదిలోకి వచ్చి లాప్‌టాప్ తెరిచాను.

ఎలుగుబంటి లేచి కూర్చుని ఉంది. నెత్తిన కాగితం టోపీ. 'పుట్టినరోజు శుభాకాంక్షలు! నీకు పదమూడేళ్ళు నిండాయి. ఇకనుంచి నీ ఖాతా నువ్వే చూసుకోవచ్చు. కావాలంటే మీ పెద్దవాళ్ళ పర్యవేక్షణలోనే ఉండిపోవచ్చు. నీకేది ఇష్టం?' కింద రెండు మీటలు, ఒకే కొలత, ఒకే రంగు.

 నీకేది ఇష్టమని పెళ్ళిచూపుల్లో అడగలేదు. షాపులో అడగలేదు. మా అమ్మ అడగలేదు, నేను మా అమ్మని అడగలేదు. నలభై రెండేళ్ళు నిండాక ఈ చవక పెట్టె అడిగింది, అదీ నన్ను చిన్నపిల్లననుకుని. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలీదు. మొదటి మీట నొక్కాను. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంది. పన్నెండు, తొమ్మిది, ఏడు, ఆ రాళ్ళ కొలతలకి ముందో మాట తగిలించి పెట్టాను. ఆ ఆదివారం నుంచి అవి నా నోట్లోనే ఉన్నాయి. వివరాల్లోకి వెళ్ళి నా సంవత్సరం నేను వేసుకున్నాను. జాబితా తెరిచి చూశాను. నలభై పేజీలూ ఉన్నాయి.

హాల్లో ఆయన ఫోన్ టింగుమంది. ఈసారి పైకి చదవలేదు. పేపరు మడతపెట్టిన చప్పుడు వినపడింది. నేను ఈలోగా సూపర్వైజరు మేడమ్‌కి నాలుగు వాక్యాలు రాశాను. ఆ రోజు కరెంటు పోలేదని, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు, టీ సంగతితో సహా. ఆరు నెలల తర్వాత జరిగే పరీక్షకి నా పేరు ఇప్పుడే రాసుకోమన్నాను. అప్పటికి ఎక్కడి నుంచి రాస్తానో తెలీదు గానీ రాస్తానన్నాను. పంపాక మళ్ళీ చదువుకోలేదు.

"ఏమేవ్, ఏదో నొక్కినట్టున్నావు, నాకేదో వచ్చింది చూడు," అంటూ ఆయన తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆయన చొక్కా మీంచి నూనె వాసన, అత్తయ్య పక్కన కూర్చుని వచ్చినట్టున్నారు.  సాయంత్రం దాకా ఎందుకని తోడికోడలికి ఫోన్ చేశాను. అది ఎత్తగానే ఆయన వినేలా, ఆయన మొహంలోకి చూస్తూనే చెప్పాను.

"కొనుక్కోవే. ఆ ధరకి మంచి వస్తువే. కానీ పెట్టె మీ ఆయన చేత విప్పించకు, నువ్వే విప్పు. ఏ ఏడు పుట్టావని అడుగుతుంది. నిజం రాయి."